గోడకు ఇవతల మూడడుగులు

"టేపు బిగించి పట్టుకోండి, జారనివ్వకండి" అంది సర్వేయరమ్మాయి.

అవతలి కొస పట్టుకున్న రేడియో మెకానిక్ దాన్ని గోడకు ఆనించి నొక్కిపట్టాడు. కొత్త వంతెన కోసం ఆ వీధి వీధంతా పోతోంది. పోయే స్థలాలకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ఎవరికి ఎంత స్థలం ఉందో కొలిచి తేల్చడం ఈ అమ్మాయి పని. ఉద్యోగంలో చేరాక ఒంటరిగా కొలుస్తున్న మొదటి వీధి ఇదే.

"యాభై నాలుగు గజాలండీ."

"అంటే బదులు స్థలం రానట్టేనా?"

"అరవై దాటితేనే స్థలం ఇస్తారు. మీకు డబ్బు మాత్రమే వస్తుంది."

"ఆ డబ్బుతో ఎక్కడ కొనేది? నాకు ఇల్లూ కొట్టూ ఇదే." అతను గుమ్మంలో నిలబడ్డ భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ చూశాడు. తర్వాత గోడ వైపు వేలు చూపించాడు. "అదిగో, ఆ గోడ లేకపోతే నాకూ అరవై ఉండేవి. మూడడుగులు మింగి కూర్చుంది మహాతల్లి. పదేళ్లుగా మొత్తుకుంటున్నా, వినే నాథుడు లేడు."

మహాతల్లి అంటే పక్కింటి టైలరమ్మ. గోడ లేచిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తిట్లు మాత్రం గోడ మీంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

సర్వేయరమ్మాయి పక్కింటికి వెళ్లేసరికి టైలరమ్మ కుట్టుమిషను ఆపి, మెడలో టేపుతోనే బయటికి వచ్చింది.

"కొలువమ్మా. కొలతల్లో నన్ను మోసం చేసినవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు."

అమ్మాయి నవ్వి కొలిచింది. "తొంభై గజాలమ్మా మీది."

గోడ అవతల మెకానిక్ విప్పిన రేడియోల మధ్య మెట్టు మీద కూలబడి ఉన్నాడు. చిన్నపిల్ల అతని భుజం పట్టుకుని ఏదో అడుగుతోంది. టైలరమ్మ కాసేపు అటే చూసింది.

"ఆయన్ని ఇలా రమ్మనమ్మా."

"ఇక్కడే ఉన్నారుగా, మీరే పిలవండి."

"మాకు మాటల్లేవు."

"నాకు చెవుడు లేదని చెప్పండి ఆవిడకి" అన్నాడు మెకానిక్ అక్కణ్నుంచే.

"అయితే వినమను. తొంభై అని రాయకమ్మా. గోడకు ఇవతల మూడడుగులు ఆయనవి. కట్టించినప్పుడు నేనే జరిపించాను."

తమ వంతు కోసం వీధిలో వరసగా నిలబడ్డవాళ్లంతా నోళ్లు తెరిచారు. సర్వేయరమ్మాయి తడబడుతూనే మళ్లీ టేపు వేసింది. ఇరవై అడుగుల పొడవున మూడడుగులు.

"ఆరున్నర గజాలు పైనే అవుతుందమ్మా. ఆయనకి అరవై దాటుతుంది. కానీ మీకు వచ్చే డబ్బు బాగా తగ్గిపోతుంది, ఆలోచించుకోండి."

"రోజంతా గుడ్డ కత్తిరించేదాన్ని. కోస్తే ఎంత తగ్గుతుందో నాకు తెలీదూ?"

మెకానిక్ దిగ్గున లేచి వచ్చాడు. పదేళ్లలో మొదటిసారి ఆమె మొహంలోకి చూసి మాట్లాడాడు. "పదేళ్లు! పదిమందిలో నన్ను అబద్ధాలకోరుని చేశావే! ఇప్పుడు చెప్పడానికి నోరెలా వచ్చింది? దొంగబుద్ధి కాకపోతే ఏమిటిది?"

"ఊరుకోండి" అని భార్య అతని చెయ్యి పట్టి లాగింది.

ఎవరో "ఎంత గుండె చూడు" అన్నారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. టైలరమ్మ మొహం కందిపోయింది.

"రాయమ్మా, ఎండెక్కుతోంది. నీకు ఇంకా బోలెడు ఇళ్లున్నాయి."

హద్దు ఒప్పుకుంటున్నట్టు కాగితం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆమె అందించిన పెన్ను అతను ఆమె వైపు చూడకుండానే లాక్కున్నాడు.

దారి పొడుగునా సర్వేయరమ్మాయి ఆమె గురించే ఆలోచించింది. నలుగురిలో నిలబడి తప్పు ఒప్పుకోవడం మాటలా? మొన్న తన లెక్క తప్పితే తప్పు టేపు మీదికి తోసేసింది తను. ఆఫీసుకి చేరగానే జరిగిందంతా అధికారికి చెప్పింది.

"ఇద్దరూ ఒప్పుకున్నాక అదే హద్దు, మనం చేసేదేం లేదు" అన్నాడు అధికారి. "పాత పటం ఒకటి జత చేసి పంపించెయ్."

రికార్డు గదిలో ఆ వీధి కాగితాల కట్ట దుమ్ము దులిపి విప్పింది. పైనే టైలరమ్మ అర్జీ ఉంది. తమ రెండిళ్ల హద్దు పటానికి నకలు కావాలని అడిగింది. నకలు ముట్టినట్టు కింద ఆమె సంతకం, పోయిన వారం తేదీ.

అమ్మాయి అసలు పటాన్ని బల్ల మీద పరిచింది. రెండిళ్ల మధ్య గీతను వేలితో వెతికి పట్టుకుని, పొద్దున కొలిచిన అంకెలతో ఒకసారి, మళ్లీ ఒకసారి సరిచూసింది.

గోడ సరిగ్గా హద్దు మీదే ఉంది.