పూవు పడిన పక్క

"పూవు ఎడమ పక్క పడింది ఆదిలక్ష్మీ. ఈ పొద్దు గూడా మీ అన్న నోరిప్పడు, సూస్తా ఉండు" అంది మునిరత్నమ్మ.

మొన్న ఆదివారం ఆమె బోయకొండ ఎక్కి, గంగమ్మ తల మీద పూవు పెట్టించి అడిగి వచ్చింది. కుడి పక్క పడితే పని అవుతుంది. ఎడమ పక్క పడితే కాదు. ఆ తల్లి ఎడమకే రాల్చింది.

"ఊరుకో వదినా. కొడుకు కర్నలుగా రిటైరై వస్తాంటే మదనపల్లెలో బ్యానర్లు గట్టినారు. ఈ పొద్దు గూడా మాట్లాడకపోతే మా అన్నది నోరా, మేకు గొట్టిన తలుపా?"

ఆడబిడ్డ నవ్వింది. మునిరత్నమ్మకు నవ్వు రాలేదు. ఆమెకు ఎప్పుడూ చెడే ముందు తోస్తుంది. రైలు కుప్పంలో సరిగ్గా ఆగిందో లేదో. అక్కడినుంచి వచ్చే కారు పుంగనూరు దాటాక వానకు జారుతుందేమో. అన్నీ దాటుకుని వచ్చిన కొడుకును చూసి తండ్రి ఎప్పటిలా పెదవి బిగించుకుంటేనో?

అన్నిటికన్నా పెద్ద దిగులు అదే.

కురబలకోట దగ్గరి పల్లె వాళ్ళది. గొర్రెల మీదే బతుకు. కొడుకు మునిశేఖర్ మిలిటరీకి పోతానన్న రోజు తండ్రి అంజినప్ప ఎగిరిపడ్డాడు. "గొర్రెలకు దిక్కెవురురా?" అని అరిచాడు. అయినా వాడు పోయాడు. ట్రైనింగు ముగిసి మొదటిసారి బార్డరుకు వేశారని కబురొచ్చింది. మర్నాడు అంజినప్ప చెప్పాపెట్టకుండా ఎక్కడికో పోయి పొద్దుగూకాక వచ్చాడు. అప్పటినుంచి కొడుకుతో మాటల్లేవు.

వాడు సెలవుకు వస్తే అంజినప్ప ఎదురుగా కూచుని తినేవాడు. ఏమడిగినా తలూపేవాడు. ఫోనొస్తే స్పీకరు పెట్టమని సైగ చేసేవాడు, మాట్లాడమంటే లేచిపోయేవాడు. కొడుకు పెళ్ళిలోనూ అంతే. ఊళ్ళో అందరితో ఎకసెక్కాలాడే మనిషి, కన్నబిడ్డ దగ్గరే మూగవాడు. "నీది గుండెనా, బండనా?" అని మునిరత్నమ్మ ఎన్నిసార్లు దులిపిందో లెక్కలేదు.

పోయిన ఎండాకాలం కోడలు నీలిమ ఫోన్ చేసి ఏడ్చింది. ఫిరంగుల పక్కన నిలబడి నిలబడి మునిశేఖర్‌కు ఒక చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు రెండోదీ పోయింది. మిషను పెట్టినా లాభం లేదు, పక్కన పిడుగు పడినా వినపడదన్నారు డాక్టర్లు.

ఆ సంగతి చెబితే అంజినప్ప గొర్రెల దొడ్లోకి పోయి తడిక మూసుకున్నాడు. అన్నానికి పిలిచినా రాలేదు.

"నీ గొంతు ఇనకుండానే పోయినాయి గదయ్యా నా బిడ్డ చెవులు!" అని ఆమె తడిక బయట కూలబడి శాపనార్థాలు పెట్టింది. లోపలినుంచి గొర్రెల అరుపులే వినిపించాయి.

కారు క్షేమంగానే వచ్చింది.

సన్మానం జరిగే మదనపల్లె కల్యాణమండపం ముందు నీలిమతో కలిసి మునిశేఖర్ దిగాడు. మామూలు తెల్ల చొక్కా. "నాయినా" అని వంగి కాళ్ళకు మొక్కాడు. అంజినప్ప వాడి భుజం తడిమాడు, నక్షత్రాలు ఉండే చోట. తర్వాత రెండో భుజం. తడిమి కోడలి వైపు తిరిగాడు.

"యూనిఫారం యాడమ్మా?"

"పెట్టెలో పెట్టేసినారు మామా. నిన్నటితో సర్వీసు అయిపోయింది."

"ఇంగ మళ్ళీ పిలవరు గదా?"

"పిలవరు మామా."

"నిజంగానా?"

మునిరత్నమ్మకు కడుపు మండింది. కొడుకు ఇంటికి వచ్చేస్తే కూడా ఈయనకు కష్టమేనా?

మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు మైకు పట్టుకుని కర్నల్ గారి సేవలు చెప్పసాగాడు. మంచుకొండల మీద కాపలా. శిబిరం పక్కనే పేలిన గుండు. గాయపడిన జవానును వీపున వేసుకుని లోయలోకి దిగడం. దానికి వచ్చిన మెడల్. ఒక్కటీ మునిరత్నమ్మకు తెలియదు. ఫోనులో ఎప్పుడూ "బాగుండానమ్మా, తిన్న్యానమ్మా" అనేవాడు అంతే. ఒక్కో మాటకు ఆమె కొడుకు వైపు తిరిగి చూసింది. అంజినప్ప మాత్రం కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఒడిలో బిగించి కూచున్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. మునిశేఖర్ ఆ చప్పట్లను కళ్ళతో చూశాడు.

"ఇప్పుడు కర్నల్ గారికి వాళ్ళ నాయిన శాలువా కప్పుతారు. రెండు మాటలు కూడా చెబుతారు."

అంజినప్ప లేచాడు. శాలువా కప్పాడు. ఎవరో మైకు తెచ్చి ముందు పెట్టారు. ఆయన పలకలేదు. జనం ఎదురు చూశారు. ఎవరో దగ్గారు. ఎడమకు రాలిన పూవే మునిరత్నమ్మ కళ్ళముందు ఆడింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

మునిశేఖర్ తండ్రి చేతులు పట్టుకున్నాడు. తన గొంతు తనకే వినపడక, అరిచినట్టే అడిగాడు.

"యాల నాయినా, నామింద అంత కోపం? నాకు ఇనపడకపోతే పోనీ. ఒక్క మాట మాట్లాడు. అమ్మ ఇంటాది, సాలు."

రేకుల మీద వాన చప్పుడు.

అంజినప్ప మైకును పక్కకు నెట్టాడు. కొడుకు మెడ చుట్టూ చెయ్యి వేసి, వాడి చెవికి నోరు ఆనించాడు.

"నిన్ను బార్డరుకేసిన మర్నాడు బోయకొండకు పోయి, నువ్వు ఆ గుడ్డలిప్పి ఇంటికొచ్చేదాకా నీతో ఒక్క మాట గూడా మాట్లాడను, నా బిడ్డ పానం కాపాడు తల్లీ అని మొక్కుకుంటే, పూవు కుడి పక్క పడింది నాయినా."