చెవి మిషను

మనోజ్ డబ్బా విప్పి చెవి మిషన్లు బయటికి తీసేసరికి పైడమ్మకి గుండె జారింది.

చూడ్డానికి శనగబద్దంత ఉన్నాయి. ఫోన్‌లో వేలు జరిపితే చాలు, సౌండు పెరుగుతుందట, తగ్గుతుందట. మనోజ్ రెండింటినీ తండ్రి చెవుల్లో అమర్చి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని మురిసిపోయాడు. పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లోనే కాబట్టి వాడికి సంతోషమొచ్చినా హిందీయే, కోపమొచ్చినా హిందీయే.

"అబ్ చిల్లానా బంద్, అమ్మా. ధీరే బోలో, బాబా సున్ లేంగే" అన్నాడు.

ఇక అరవక్కర్లేదట. మెల్లగా అన్నా వినపడుతుందట. పైడమ్మ భయమల్లా అదే.

ఆమె మొగుడు తవిటయ్య చెవులు ఉక్కు మిల్లులోనే పోయాయి. రిటైరై ఇంటికొచ్చేసరికి పక్కన టపాకాయ పేలినా తల తిప్పేవాడు కాదు. ఉప్పు తెమ్మని వంటింట్లోంచి అరిచి అరిచి పైడమ్మ గొంతు బొంగురుపోయింది. గోల్‌మురి పేట నుంచి ఆదిబాబు వస్తే మాత్రం ఇద్దరూ అరుగు మీద చీకటిపడేదాకా ఇకిలిస్తూ కూర్చునేవారు. ఆదిబాబుదీ ఆ మిల్లే, ఆ చెవుడే. ఒకరి మాట ఒకరికి వినపడని ఇద్దరు మొగాళ్లకి అంత నవ్వేమిటో ఆమెకి బోధపడేది కాదు.

అయితే ఆ చెవుడు వల్ల ఆమెకొక సుఖం ఉంది.

సాయంత్రం ఆకుకూర పళ్లెం ముందేసుకుని గుమ్మంలో కూర్చుంటే, తవిటయ్య టీ గ్లాసుతో స్టూలు లాక్కుని ఎదురుగా చేరేవాడు. పైడమ్మ గొణగడం మొదలెట్టేది. మోకాళ్ల నొప్పి, కుళాయి దగ్గర తగువు, కోడలి విసురు. అన్నీ అయ్యాక చివరికి ఎప్పుడూ ఒకచోటికే వచ్చేది.

"సంటిది జొరంతో కాలిపోతంటే నువ్వు డబల్ డూటీకి ఎలిపోనావు. రిచ్చాలో నా ఒళ్లోనే పోయింది. నువ్వుంటే బతికుండును."

మనోజ్ కంటే ముందు పుట్టిన పిల్ల. ఆ మాట మొగుడి మొహాన గట్టిగా అనే ధైర్యం ఆమెకి ఎన్నడూ లేదు. అనకుండా బతకడమూ చేతకాలేదు. అందుకని చెవిటివాడి ముందు అనేసి, లేచి కూర పొయ్యి మీద పెట్టుకునేది. టీ అయిపోయినా ఆమె లేచేదాకా తవిటయ్య కదిలేవాడు కాదు. వట్టి బద్ధకమని దానికీ తిట్టేది.

ఇప్పుడు ఆ కాస్త గొణుగుడుకీ మిషను అడ్డం పడింది.

ఆ సాయంత్రం అతను స్టూలు లాక్కుంటే ఆమె తలొంచుకుని ఆకు గిల్లింది. నోరు విప్పలేదు. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. మాటలన్నీ లోపలే ఉండిపోయి ఒళ్లంతా బరువెక్కింది. అరిచి అరిచి సోలిపోయిన రోజుల్లో కూడా ఇంత అలసట ఎరగదు. తవిటయ్య కూడా కంచంలో సగం వదిలేసి లేస్తున్నాడు. మిషను పడలేదేమో అనుకుంది.

ఆదివారం పొద్దున తవిటయ్య మిషన్లు తీసి డబ్బాలో పెట్టేశాడు. ఫ్యాను చప్పుడు, కుక్కరు కూత, అన్నీ బుర్రలో మోగుతున్నాయని, తిరిగి ఇచ్చెయ్యమని కొడుకుతో చెప్పాడు. ముసలాళ్లకి కొత్త వస్తువేదీ పట్టదని మనోజ్ హిందీలో విసుక్కుని బయటికి పోయాడు.

పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం పళ్లెం తెచ్చుకుని కూర్చుంది. ఎదురుగా స్టూలు పడింది. కానీ వారంపాటు మూసుకున్న నోరు వెంటనే తెరుచుకోలేదు. తలొంచుకునే ఆకు గిల్లుతోంది.

తవిటయ్య ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు.

"మిల్లు రొదలో మేం ఒకడి పెదాలొకడు సూసే మాటాడుకునేవోళ్లం పైడీ, సంటిదాన్ని తల్సుకుని నువ్వు నన్నొక మాట అనకపోతే నాకు ముద్ద దిగటం నేదు."