వీపు చాలు

"కట్! కట్! ఎవరా ముసలావిడ?"

డైరెక్టరు రిస్తెన్ అరుపుకు, మంచు మీద స్లెడ్జి బండి లాగుతున్న రెయిన్‌డీర్ బెదిరి ఆగిపోయింది.

కెమెరా ముందు నుంచి ఒకావిడ తాపీగా నడిచిపోతోంది. భుజాన సంచి, నీలం ఉన్ని గౌను. గౌను అంచు కుట్టు చూస్తే ఈ ఊరి మనిషి కాదు. సరిహద్దు నది అవతలి ఫిన్లాండ్ వైపు మనిషి.

"అవ్వా, ఇదేమైనా సంతనుకున్నావా? షూటింగు జరుగుతోంది!"

"అందుకేగా వచ్చాను. మన సామీ భాషలో సినిమా తీస్తున్నారంటే బస్సెక్కేశా."

"సినిమా చూడాలంటే వచ్చే ఈస్టరుకి రా. ఇప్పుడు మాత్రం పక్కకి జరుగు."

ఆవిడ నవ్వి పక్కకి జరిగింది.

రిస్తెన్‌కు అది మొదటి సినిమా. ఈ మంచుసీమ ఆదివాసులైన సామీల పిల్లల్ని సర్కారు హాస్టలు బడులకు లాక్కెళ్ళి, అమ్మ నేర్పిన మాట నోట రానివ్వని రోజుల కథ. ధ్రువప్రాంతపు ఆదివాసుల సినిమాలకు సాయం చేసే నిధి ఒకటి ఆదుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ కథ ఆమె మనసులోనే మిగిలిపోయేది.

అంతలో ఫోను మోగింది. అవ్వ వేషం వేయాల్సిన పిన్ని.

"రాలేనే తల్లీ! మా రెయిన్‌డీర్ మంద చెదిరి సరస్సు అవతలికి పోయింది."

ఆ షాటు ఇవాళే అయిపోవాలి. రేపటి నుంచి మందలన్నీ సముద్రతీరానికి వలసపోతాయి. వాటితోపాటే ఈ బండీ, బండివాడూ.

బండి తోలే హెయకా బాబాయి ఊరుకుంటాడా?

"డైరెక్టరమ్మగారూ! కట్ అంటే పొద్దు కూడా ఆగుతుందేమో, ఓ కేక వెయ్యరాదూ?"

రిస్తెన్ దిక్కులు చూసింది. మంట దగ్గర ఆ ముసలావిడ కాఫీలో ఎండు మాంసం ముక్క నానేసుకుని తింటోంది.

"అవ్వా, నటించడం వచ్చా?"

"రాదు."

"పర్లేదు. నీ మొహం కనబడదులే. మనవరాలు హాస్టలు బడికి బండిలో వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడాలి. వీపు చాలు."

"వీపైతే ఉంది," అని లేచింది ఆవిడ.

బండి కదిలింది. రెయిన్‌డీర్ మెడలో గంట చప్పుడు దూరమైంది.

ఆవిడ చెయ్యి మెల్లగా పైకి లేచింది. ఊపబోయి, సగంలో ఆగి, కిందికి వాలిపోయింది.

అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. కట్ అనడం రిస్తెన్ మర్చిపోయింది.

"నటించడం రాదన్నావుగా అవ్వా?"

"రాదమ్మా. అప్పట్లో బండిలో ఉన్నది నేను. మా అమ్మ చెయ్యి అలాగే సగంలో ఆగింది."

రిస్తెన్‌కు ఏదో అడగాలనిపించింది. కానీ వెలుగు తగ్గుతోంది, మరో షాటు మిగిలే ఉంది. ఆ హడావిడిలో ఆవిడ బస్సెప్పుడెక్కిందో కూడా చూడలేదు.

మరుసటి ఈస్టరుకు ఊరి మైదానంలో మంచుగోడ మీద సినిమా వేశారు. జనం రెయిన్‌డీర్ తోళ్ళు పరుచుకుని కూర్చున్నారు. ముసలావిడ వీపు తెరమీదికి రాగానే అల్లరి చేసే కుర్రకారు కూడా గప్‌చుప్ అయిపోయారు.

పక్కన కూర్చున్న మారెన్ చటుక్కున రిస్తెన్ చెయ్యి పట్టుకుంది. మారెన్ ఈ సినిమాకు డబ్బిచ్చిన నిధి కమిటీ మనిషి.

"ఆ గౌను, ఆ నిలబడే తీరు... ఈవిడ గాద్యా కదూ! నీకెక్కడ దొరికింది?"

"ఎవరో షూటింగు చూడ్డానికొచ్చిందండీ. పేరు కూడా అడగలేదు. ఊరు చెప్పండి, వెళ్ళి సినిమా చూపించొస్తా."



"కిందటి వేసవిలో పోయిందమ్మా. ఉన్నట్టుండి గుండె ఆగిపోయింది."

తెర మీద బొమ్మ మారిపోయింది. రిస్తెన్ కళ్ళు మాత్రం ఆ మంచుగోడకే అతుక్కుపోయాయి.

"ఏం చేసేదండీ ఆవిడ?"

"కథలు రాసేది. చనిపోయేలోపు ఒక్క సినిమా అయినా తీయాలని ఏళ్ళ తరబడి మా చుట్టూ తిరిగింది. నువ్వు సాయం అడిగిన ఏడాది మా దగ్గర ఒక్క సినిమాకే డబ్బుంది. మేం ఎంచుకున్నది గాద్యా కథని. ఆ మాట చెబుదామని పిలిస్తే, పోటీలో మిగిలిపోయిన నీ కథ అడిగి తీసుకుని అక్కడే కూర్చుని చదివింది."

"చదివి?"

"'ముందు ఈ పిల్లని తియ్యనివ్వండి, నాది వచ్చే ఏడు చూద్దాం' అని తన కథ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది."