ఘటం ఎత్తే పాదాలు

సముద్రపు నీళ్ళలో, ఇసుకలో బూజు ముదిరి జనం ఆస్పత్రుల పాలయ్యాక, తీరం గేటు దగ్గర పాదాలకు పరీక్ష పెట్టారు. పాదాలకు బూజు లేక పచ్చదీపం వెలిగితే వట్టికాళ్ళతో దిగొచ్చు. ఎర్రదీపమైతే రబ్బరు బూట్లే గతి. బూట్లతో గంగమ్మ పండగలో ఘటం ఎత్తకూడదు.

ఏటేటా ఘటమెత్తే నూకరత్నానికి ఈసారి ఎర్రదీపం వెలిగింది. ఘటం తోడికోడలు పైడితల్లికి దక్కింది. ఆమె నున్నటి పాదాలు చూసినప్పుడల్లా నూకరత్నం కడుపు రగిలిపోయేది. పండగ దాకా రోజూ, పైడితల్లి స్నానానికి వెళ్ళగానే, ఆమె చెప్పుల్లో తన బూజు కాళ్ళు దూర్చి రుద్దింది.

పండగనాడు పైడితల్లికీ ఎర్రదీపమే వెలిగింది. ఘటం పక్కింటివాళ్ళకు పోయింది. నూకరత్నం నవ్వు దాచుకుంటూ ఇంటికొచ్చింది.

వెనకే పైడితల్లి మందు ట్యూబుతో వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అప్పా, ఈ బూజు ముందు నాకే పట్టుంటాది. నా కాడినుంచే నీకంటినాది. నా మూలంగానే నీ ఘటం పోనాది" అని ఏడుస్తూ వేళ్ళ సందుల్లో మందు రాసింది.

నూకరత్నం నిజం చెప్పేద్దామనుకుంది. కానీ ఈ మంచితనం కూడా దీనికే ఉండాలా అని మళ్ళీ కడుపు మండింది. రెండో కాలు కూడా చాపింది.