పిట్టకైనా తెలియని పిన్ను

"పాణం పోయినా పిన్ను సెప్పను," అన్నాడు తాతబ్బాయి, వేళ్ళ చివర్ల దాకా కట్లు కట్టిన రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలంపాట పాడే ఘనుడతను. పొద్దున్న దిమ్మల గుట్టెక్కి ధర అరుస్తూ జారి, రెండు మణికట్లూ విరగ్గొట్టుకుని నర్సింగ్ హోములో పడ్డాడు. విరిగినవి చేతులే గాని, పొగరుకి చిన్న బీటైనా పడలేదు.

"ఈ పూటే రాడ్లు వెయ్యాలి. ఆలస్యమైతే ఎముకలు వంకరగా అతుక్కుంటాయి. అన్నం ముద్ద నోటికి చేరదు," అని డాక్టర్ బిందుమాధవి తేల్చి చెప్పేసింది. రాడ్లు తెచ్చే మనిషేమో, తన ఖాతాలో డబ్బు పడితే గాని విశాఖపట్నం నుంచి కదలనంటున్నాడు.

భార్య మరిడమ్మ అతని ఫోను పట్టుకుని మంచం పక్కనే నిలబడింది. "ఆ నాలుగంకెలూ సెప్పీయ్యా. నేను నొక్కేత్తాను. సిటికెలో పని."

"సిటికెలో అయిపోతాదనే సెప్పనంటన్నాను. డబ్బు కూడెయ్యడానికి ఏళ్ళు, పోడానికి సిటికే. నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీకు సెప్తే మునగపాక దాకా టముకేసినట్టే."

"పోనీ, మా తమ్ముడు కిరణ్ సెవిలో సెప్పు."

"ఆడికా? దొంగకి తాళంసెవి ఇచ్చినట్టుంటాది."

"మీ మార్కెట్టోళ్ళని పిలవనా?"

"ఆ ఎదవలనా? ఆళ్ళకి బయపడే కదే, తువ్వాలు కప్పుకుని మరీ నొక్కుతాను! నా పిన్ను పిట్టకైనా తెల్దు." అదేదో కోట కాపాడినవాడిలా అటు తిరిగి పడుకున్నాడు.

మరిడమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి మొగుడి చేతులు వంకరపోతే పోనీ అనిపించింది. కాని తర్వాత జీవితాంతం ఆ ముద్దలు కలిపి పెట్టాల్సింది తనే. సిగ్గు చంపుకుని, అప్పడుగుదామని, మార్కెట్లో మూటలు మోసే ఎర్రయ్యకి తన ఫోను నుంచి చేసింది. మొగుడు కూడా విని ఏడవాలని స్పీకరు పెట్టింది.

"ఎర్రయ్యా, ఆపరేసనుకి కాత్త డబ్బు సర్దాల. మీ బావ ఖాతాలో ఉంది గాని, పిన్ను సెప్పి సావడం నేదు."

అవతల ఎర్రయ్య పగలబడి నవ్వాడు. "ఓసి, దానికి అప్పెందుకక్కా! బావ మమ్మల్ని సూడనీడు గాని, పాట పాడే నోరు కదా, నొక్కిన అంకెనల్లా గొంతెత్తి పాడేత్తాడు. ఉండు, ఇక్కడందరికీ కంఠతా వచ్చు. ఒరే, తాతబ్బాయి బావ పిన్ను అడుగుతన్నారొరే!"

మరుక్షణం బెల్లం మార్కెట్టంతా ఒక్క గొంతుతో ఎత్తుకుంది: "మూడూ... ఏడూ... ఆరూ... తొమ్మిదీ!"