చేతులెత్తేసిన సీతాలక్ష్మి

“ఇక చాలు ఆంటీ, చెయ్యి దించండి.”

“దించను.”

సీతాలక్ష్మి గోడకు మొహం పెట్టి నిలబడి ఉంది. ఎడమ చేతి వేళ్ళు చీమల్లా గోడ మీద పాకుతూ భుజం దాటి, చెవి దాకా వచ్చి ఆగిపోయాయి. రొమ్ము ఆపరేషన్ తర్వాత మొదలైన బిగుతు అది. చెయ్యి ఎత్తినప్పుడల్లా చంకలోంచి మోచేతి దాకా చర్మం కింద ఒక తాడు బట్టలారేసే దండెంలా తేలుతుంది.

“నిజం చెప్పు తల్లీ. ఇది వేరు కాదు కదా?”

“ఏం వేరు?”

“జబ్బుది. పైన కోసేశారు, వేరు చేతిలోకి పాకిందేమోనని.”

ఫిజియోథెరపీ చేసే రజిత నవ్వలేదు. విజయనగరం నుంచి ఈ పరాయి దేశం వచ్చి, ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన పిల్ల. తెలుగు మాట వినబడితే చాలు, పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటుంది.

“వచ్చిన ప్రతిసారీ ఇదే అడుగుతారు. చంకలో గ్రంథులు తీశారు కదా ఆంటీ, అక్కడి సన్నని నాళాలు బిగుసుకుపోయి ఇలా తాడులా తేలతాయి. చాలామందికి వస్తుంది. జబ్బు కాదు. రోజూ మెల్లగా సాగదీస్తే అదే వదులుతుంది.”

“రేపటికి వదులుతుందా?”

“రేపేముంది?”

“మా అనన్యకు డిప్లొమా పట్టా ఇస్తారు. నేను చప్పట్లు కొట్టాలి.”

ఈసారి రజితకు నవ్వాగలేదు. “దానికింత కుస్తీ పట్టాలా? చప్పట్లు ఛాతీ ఎదురుగా కొడతారు. అంతవరకూ మీ చెయ్యి బ్రహ్మాండంగా వస్తోంది.”

“అక్కడ కొడితే మా పిల్లకు అందవమ్మా.”

“హాలు అంత పెద్దదా?”

సీతాలక్ష్మి వేళ్ళు మళ్ళీ గోడ మీద పైకి పాకించింది. వివరం చెబితే ఎదుటివాళ్ళు ‘అయ్యో’ అంటారు. కూతురి మీద ఆ మాట పడటం ఆమెకు గిట్టదు.

సంచీలో ఫోన్ మోగింది. అనన్య దగ్గర్నుంచి మెసేజ్, మాట చివర ఈ ఊరివాళ్ళ ‘లా’ తగిలించి. ‘అమ్మా, పెయిన్ ఉంటే రావద్దు లా. డాడీ వస్తే చాలు.’

“చూశావా, నా పని అయిపోయిందని అప్పుడే తీర్మానించేసింది” అంటూ సీతాలక్ష్మి స్టూలు మీద కూలబడింది. “కిండర్‌గార్టెన్‌లో మొదటిసారి స్టేజీ ఎక్కినప్పటి నుంచీ దాని కళ్ళు నాకోసమే వెతుకుతాయి. రేపు నా చెయ్యి లేవకపోతే, అమ్మకు జబ్బు తిరగబెట్టిందనే అనుకుంటుంది. పట్టా చేతిలో పెట్టుకుని ఏడుస్తుంది. నా కూతురే కదా, బుద్ధులెక్కడికి పోతాయి?”

“ఇంత త్వరగా చేతులెత్తేస్తే ఎలా ఆంటీ?”

“ఎత్తగలిగితేగా, ఎత్తెయ్యడానికి.”

ఇద్దరూ నవ్వేశారు. రజిత ఆమె మోచేతిని తన అరచేతిలోకి తీసుకుంది.

“మీరు చెయ్యి ఎత్తుతూ ఊపిరి బిగబడుతున్నారు. వదలండి. లాగిన చోట కాసేపు ఆగి, మళ్ళీ కదలండి. మీ అంతట మీరు తాడు తెంపాలని చూడకండి. ఒక్కోసారి అదే లోపల టప్పున తెగి, చెయ్యి తేలికవుతుంది. అలా అయితే బెదిరిపోకండి.”

‘టప్పున’ అన్న మాటకే సీతాలక్ష్మి బెదిరిపోయింది.

మర్నాడు ఆమె టోవా పాయోలో ట్రెయిన్ ఎక్కి వచ్చేసరికి, ముందే వచ్చిన భర్త రామదాసు హాలు బాల్కనీలో టిష్యూ ప్యాకెట్లు పెట్టి ఇక్కడివాళ్ళ పద్ధతిలో రెండు సీట్లు ‘చోప్’ చేసి, ఎవరూ కూర్చోకుండా ఆపి ఉంచాడు.

“మొదటి వరస సీతా. స్టేజీ మీద నుంచి చూస్తే నువ్వే కనబడాలి.”

“ఈ రెయిలింగు పొట్టిగా ఉంది. పడిపోతామేమోనండీ.”

“కూర్చుంటే పడం.”

“ఏసీ చూడండి, తాడు ఇంకా బిగుస్తోంది.”

“పోనీ నువ్వు ఊరికే కూర్చో. నా చేతులున్నాయిగా.”

“మీ చేతులు మీవి.”

పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కో పేరుకీ ఓ మూల నుంచి చప్పట్లు, ఈలలు. సీతాలక్ష్మి ఒళ్ళో ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, దేవుణ్ణి బతిమాలుకున్నట్టు దాన్నే బతిమాలుకుంటోంది.

“అనన్య రామదాసు.”

పక్కనున్న అమ్మాయి భుజం తట్టగానే అనన్య నడిచింది. నల్ల గౌను, నిటారైన నడక. పట్టా అందుకుంది. అందరిలా దిగి వెళ్ళిపోలేదు. స్టేజీ మధ్యలో ఆగి, బాల్కనీ వైపు తలెత్తి వెతికింది.

సీతాలక్ష్మి లేచి నిలబడింది. కుడి చెయ్యి ఇట్టే లేచింది. ఎడమది చెవి దగ్గర ఆగింది. ఊపిరి వదిలింది. చెయ్యి ఇంకాస్త లేచింది. అంతలో చంకలో టప్పుమంది. అయిపోయింది, నరం తెగింది, ఇక ఈ చెయ్యి నాది కాదు అనుకుంది. అనుకుంటూనే ఎత్తింది. రెండు చేతులూ తల మీదుగా నిలువునా లేచాయి. వేళ్ళన్నీ విప్పి గాలిలో గిరగిరా ఆడించింది.

కింద స్టేజీ మీద అనన్య మొహం వెలిగిపోయింది.

“అంకుల్, ఆంటీని చేతులు దించమనండి లా” అంది వెనక సీటావిడ చిరాగ్గా. “నా వీడియోకి అడ్డం. అందరూ చక్కగా చప్పట్లు కొడుతుంటే ఆ ఊపడం ఏమిటి?”

రామదాసు దించమనలేదు. తనూ లేచి భార్య పక్కన రెండు చేతులూ ఎత్తి, తల మాత్రం వెనక్కి తిప్పాడు.

“ఆవిడా చప్పట్లే కొడుతోందమ్మా. మా అమ్మాయికి చెవులు వినబడవు.”