సూదిబెజ్జంలో పడ్డవాళ్లు

“ఏమే తుల్తుల్, మన వీధిలో జనమంతా ఏరీ? ట్రామునీ మింగేశావా?” ప్రదర్శనకొచ్చిన భవతోష్ పెదనాన్న నా ఫొటో ముందు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

కాలేజ్ స్ట్రీట్‌లో ఆయనది పాత పుస్తకాల కొట్టు. పురుగులు తిన్న పుస్తకాలు ఆయనే ఇచ్చాడు. వాటిని తొలిచి, అట్టకి సూదిబెజ్జం పొడిచి కెమెరాలు చేశాను.

“బెజ్జం ఎనిమిది నిమిషాలు తెరిచే ఉంచాలి పెదనాన్నా. అంతసేపూ కదలనివాళ్లే ఇందులో పడతారు. నడిచేవాళ్లంతా మాయమే.”

“చూశావా లతికా, వీధి మొత్తానికి నేనొక్కణ్ణే పడ్డాను. నిద్ర కాదు సుమా, చదువుతున్నా,” అన్నాడు పక్కనున్న పెద్దమ్మతో.

“చదివేటప్పుడు పిలిస్తే కరుస్తారు. మిమ్మల్ని కదిపేదెవరు?” అంది పెద్దమ్మ. ముగ్గురం పగలబడి నవ్వాం. పక్కనున్నవాళ్లు మావైపు తిరిగి చూశారు.

నవ్వుతూనే పెదనాన్న కళ్లద్దాలు సర్దుకుని ఫొటో మీదికి వంగాడు. కొట్టు పక్కన, అన్నం క్యారియర్ పట్టుకుని ఒక మనిషి. చీర అంచు కూడా స్పష్టంగా ఉంది.

“ఇది నువ్వు కదూ? ఎనిమిది నిమిషాలూ ఇలాగే నిలబడ్డావా?”

“ఆవేళ తొందరగానే తలెత్తారు,” అంది పెద్దమ్మ.